నాయుడు గారు ఒడ్డిన నిమిషాలు

రోజు 803

గాలి ఆగ్నేయం నుంచి, మామూలు. మంచె మీది పన్నెండు గొట్టాల్లో పదకొండు మబ్బుల్లోకి సముద్రపు నీటి తుంపర చిమ్ముతున్నాయి. అయిదో గొట్టం నోట ఉప్పు పేరుకుంది. రేపు గీకాలి.

ఈ చిట్టాలో గాలి, పంపులు, మబ్బు తప్ప ఇంకేమీ రాయకూడదని నియమం. మొదటి ఏడాది అలాగే రాశాను. ఒకరోజు ఊరికే చూద్దామని ‘ఈవేళ తిమింగలం ఒకటి వచ్చి టీ తాగి వెళ్ళింది’ అని రాసి పంపాను. ‘అందింది, సక్రమం’ అని ఒడ్డు ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. చదివేవాళ్ళు లేరని అప్పుడు తెలిసింది. అప్పటినుంచి నా కోసమే రాసుకుంటున్నాను.

ఈవేళ రాయాల్సింది పోకర్ బల్ల దగ్గర జరిగిన సంగతి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట వరకు బల్ల తెరుస్తారు. తెర మీద ఆట. ఒకప్పుడు నలుగురం ఆడేవాళ్ళం. సముద్రం మధ్య ఇనుప కాళ్ళ మీది నాలుగు మంచెల్లో ఒకటో దాన్నీ రెండో దాన్నీ మనుషులు లేకుండా నడిచేలా మార్చాక మూడో మంచె మీద నేను, నాలుగో మంచె మీద తవిటినాయుడు గారు మిగిలాం. మా మధ్య పదహారు కిలోమీటర్ల నీళ్ళు. మేం ఒకరినొకరం ఎప్పుడూ చూసుకోలేదు. పగలంతా ఆయన మంచె నుంచి తెల్లటి తుంపర పొగలా నిలువుగా లేచి మబ్బులో కలుస్తూ కనబడుతుంది. నేను చూడగలిగింది అదే.

మేం పందెం కాసేది మాట నిమిషాలు. ఆకాశంలో ఉపగ్రహాల చెత్త నిండాక గొంతు పంపడం బంగారమైపోయింది. మనిషికి ఆదివారానికి పది నిమిషాలు, వాడనివి ఖాతాలో ఉంటాయి. నాయుడు గారి భార్య ఆదెమ్మకు నత్తి. ‘పది నిమిషాల్లో మా ఇంటిదాని పలకరింపే అవ్వదమ్మా’ అని ఆయన మొదట్లో చెప్పారు. అప్పట్లో మంచెల మధ్య మాట ఉచితం. గోడ మీది స్పీకర్లు పొద్దంతా తెరిచే ఉండేవి. ఇప్పుడు మంచె నుంచి మంచెకు మాట్లాడినా ఇద్దరి నిమిషాలూ తెగుతాయి. అందుకే రెండేళ్ళుగా మేం ముక్కలతోనే కలుసుకుంటున్నాం.

ఆదెమ్మ కోసం కూడబెట్టే మనిషి కాబట్టి నాయుడు గారిది జాగ్రత్త ఆట. నేను పందెం పెంచితే సమానంగా పెడతారు. బల్ల మీద మూడు ముక్కలు పడ్డాక మొదటి మాట ఆయనదైనా పందెం వేయకుండా నాకే వదిలేస్తారు. రెండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

ఈవేళ నా చేతిలో రెండు తొమ్మిదులు. ఆరు నిమిషాలు పెట్టాను. ఆయనా పెట్టారు. బల్ల మీద రాజు, తొమ్మిది, నాలుగు పడ్డాయి. నాకు మూడు తొమ్మిదులు కుదిరాయి. ఆయన నాకు వదిలేస్తారు కదా, ఎంత పెడితే భయపడకుండా ఉంటారా అని లెక్క వేసుకుంటున్నాను.

తెర మీద ఆయన పందెం పడింది. రెండు వందల ముప్పై నాలుగు. ఆయన దగ్గర ఉన్నదంతా.

పొరపాటున నొక్కారేమో అనుకున్నాను. తెర మీద మేం వాడగలిగిన మాటలు నాలుగే: బాగా ఆడారు, కాస్త ఆగండి, ధన్యవాదాలు, రేపు కలుద్దాం. ‘కాస్త ఆగండి’ అని పంపాను. జవాబు లేదు. ఒంటిగంటకు బల్ల మూసేటప్పుడు రోజూ ఆయన ‘రేపు కలుద్దాం’ పంపుతారు. ఈవేళ అదీ రాలేదు.

జవాబు చెప్పడానికి నాకు రేపు ఒంటిగంట దాకా గడువుంది.

రోజు 804

గాలి మామూలు. అయిదో గొట్టం గీకాను. పన్నెండూ పనిచేస్తున్నాయి.

గొట్టాలు గీకుతున్నంతసేపూ ఆ పందెం గురించే ఆలోచించాను. ఆయన చేతిలో రెండు రాజులుంటే నా మూడు తొమ్మిదులు ఓడతాయి. కానీ రాజులున్నవాడు ఇలా అంతా ఒక్కసారి కుమ్మరించడు, చిన్నగా ఊరిస్తాడు. బల్ల మీదున్న పన్నెండు నిమిషాల కోసం రెండు వందల ముప్పై నాలుగు ఎవరైనా పెడతారా? ఏమీ లేకుండా భయపెడుతున్నారా? భయపెట్టే మనిషి కాదాయన. పాత ఆటలన్నీ తీసి చూశాను. ఇలాంటిది ఒక్కటీ లేదు.

ఆట తెలిసినవాళ్ళెవరైనా నా చోట ఉంటే కళ్ళు మూసుకుని సమానంగా పెట్టేవాళ్ళు. గెలిచేవాళ్ళు కూడా. గెలిస్తే ఏమవుతుంది? ఆయన సున్నా అవుతారు. ఒకరు సున్నా అయితే బల్ల మూసేస్తారు. ఆదెమ్మ మాటలు నా ఖాతాలోకి వస్తాయి. నాకు మధ్యాహ్నం పన్నెండు అనేది ఉండదు.

నా దగ్గర ఇప్పటికే నాలుగు వందల చిల్లర నిమిషాలున్నాయి. ఎవరికి చేయాలి?

ఇక్కడ నేను చెప్పిన ఒక అబద్ధం గురించి రాసుకోవాలి. స్పీకర్లు తెరిచి ఉన్న రోజుల్లో అందరూ ఇంటివాళ్ళ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ‘మీకెవరున్నారమ్మా’ అని నాయుడు గారు అడిగారు. మా పల్లె సముద్రంలో కలిసిపోయింది. అమ్మ పునరావాస శిబిరంలోనే పోయింది. నా పెళ్ళి పదకొండు నెలల్లో ముగిసింది. ఇదంతా చెప్పడానికి సిగ్గేసి ‘కాకినాడలో చెల్లెలుంది’ అన్నాను. పేరడిగితే సుభాషిణి అన్నాను. ఇద్దరు పిల్లల్ని కూడా ఇచ్చాను ఆమెకు. ఆ తర్వాత ప్రతివారం సుభాషిణి ఏమందో కల్పించి చెప్పేదాన్ని. పిల్లవాడికి పళ్ళు రావడం, అత్తగారితో గొడవ, అన్నీ.

పన్నెండూ నలభైకి మూడు తొమ్మిదులూ పారేశాను. నాయుడు గారు పన్నెండు నిమిషాలు గెలిచారు. ‘బాగా ఆడారు’ అని పంపాను.

కొత్త ముక్కలు పడ్డాయి. అవి తెర మీద కుదురుకోకముందే ఆయన మళ్ళీ ఉన్నదంతా ఒడ్డారు.

రోజు 805

గాలి కాస్త పెరిగింది.

మళ్ళీ పారేశాను. ఈసారి నా చేతిలోనూ ఏమీ లేదు కాబట్టి ఆలోచించే పని పడలేదు. కానీ ఆ పందెం వేసిన తీరు చూస్తే ఆయన తన ముక్కలు చూసుకోలేదు. చూసుకునే వ్యవధే లేదు.

మూడో ఆట. మళ్ళీ అంతే.

గెలవాలనుకునేవాడు చేసే పని కాదిది. పారేసి ఆయనకు మేలు చేస్తున్నాననుకున్నాను. ఆయనకు కావాల్సింది మేలు కాదేమో.

సాయంత్రం చూస్తే నాలుగో మంచె తుంపర పలచగా ఉంది. ఎండ దిగిపోతున్నప్పుడు అలా కనబడుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

రోజు 806

పొద్దున్నే లేచి తూర్పు వైపు చూశాను. నాలుగో మంచె మీద తుంపర లేదు. ఇనుప కాళ్ళ మీద చిన్న నల్లటి డబ్బాలాగా మంచె ఒక్కటే ఉంది. ఎనిమిది వందల రోజుల్లో నాకు అక్కడ మంచె ఎప్పుడూ కనబడలేదు, ఆ తుంపర పొగే కనబడేది.

మాట కలిపాను. ఎత్తలేదు. గంట ఆగి మళ్ళీ. ఎత్తలేదు. పది గంటలకు మళ్ళీ.

ఒడ్డు ఆఫీసుకు కలిపాను. మర గొంతు పలికింది.

“ఫిర్యాదు ఏ రకం? యంత్రం, వాతావరణం, వ్యక్తిగతం.”

“నాలుగో మంచె మీద మనిషికి ఏమైందో తెలియడం లేదండీ. ఎవరినైనా పంపండి.”

“వ్యక్తిగతం. మీ వరస నూట పన్నెండు. సరుకుల పడవ పంతొమ్మిది రోజుల్లో వస్తుంది.”

“పంతొమ్మిది రోజులా? పంపు కూడా ఆగిపోయిందండీ!”

“యంత్రం. పంపు మరమ్మతు మర తొమ్మిది రోజుల్లో వస్తుంది. ధన్యవాదాలు.”

పన్నెండింటికి బల్ల తెరిచారు. ఆయన పందెం నిన్నటిలాగే నా ముందు ఉంది. రెండు వందల యాభై చిల్లర నిమిషాలు. గంటసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. పెట్టలేదు, పారేయలేదు. దానికి చెప్పాల్సిన జవాబు ఆ తెర మీద లేదు. ఒంటిగంటకు గడువు దాటి దానంతటదే పారేసినట్టు లెక్కయింది.

మంచె కింద మరమ్మతు పడవ ఉంది. నీళ్ళ మీద హద్దుగా తేలే ఎర్ర బోయా దాటి పోకూడదు. బోయా అరకిలోమీటరు దూరం. బ్యాటరీ మీద ఇరవై కిలోమీటర్లు పోతుంది. అంటే వెళ్ళడానికి సరిపోతుంది, రావడానికి చాలదు.

గాలి రేపు తగ్గేలా ఉంది.

రోజు 807, నాలుగో మంచె

ఇది ఇక్కడి కాగితం మీద రాస్తున్నాను. తర్వాత ఎక్కించుకోవాలి.

తెల్లవారగానే పడవ దింపాను. ఎర్ర బోయా దాటగానే నా మణికట్టు మీది హెచ్చరిక పట్టీ మోగడం మొదలుపెట్టి పావుగంట మోగి ఆగింది. పదేళ్ళప్పుడు మా నాన్నతో వేటకు వెళ్ళాక మళ్ళీ చిన్న పడవలో నీళ్ళ మీదికి రావడం ఇదే. అలలు పక్కనుంచి కొట్టాయి. రెండుసార్లు నీళ్ళు తోడిపోశాను. రెండున్నర గంటలు పట్టింది.

నిచ్చెన కింద నుంచి కేకేశాను. పలకలేదు. ఎక్కాను.

నాయుడు గారు పంపుగది గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నారు. పొట్టి మనిషి. తల పూర్తిగా నెరిసింది. నేను ఊహించుకున్న మనిషి పొడవుగా ఉండేవాడు. పెదాలు పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి గోడ పట్టుకున్నారు.

“ఎవులు?”

“నేనండీ నాయుడు గారూ. నూకరత్నాన్ని. మూడో మంచె.”

చాలాసేపు చూశారు. “ఏటమ్మా, ఇలాగొచ్చీసినారు? మీ ఉద్యోగం పోద్ది గదా!”

“మీ పొగ ఆగిపోయింది.”

“నానే ఆపీసినాను,” అన్నారు. “ఆ సప్పుడు పడ్డం నేదు.”

అన్నం ఎప్పుడు తిన్నారో ఆయనకే గుర్తులేదు. గంజి కాచి ఉప్పు వేసి ఇచ్చాను. గ్లాసు పట్టుకుని చేతిలోనే ఉంచుకున్నారు. తాగమంటే తాగారు. రెండో గ్లాసు తర్వాత తనే చెప్పారు.

“ఆదెమ్మ పోనాదమ్మా.”

పదమూడు రోజులైందట. ఒడ్డు ఆఫీసు నుంచి తెర మీద రెండు వరసలు వచ్చాయట. మరణించిన తేదీ, సంతాపం. అప్పటికే దహనం అయిపోయింది.

“ఆకరి ఆదివారం నాకేదో సెప్పబోనాది. ‘మ… మ…’ అంటంది. నాను ఊఁ, ఊఁ అంటన్నాను. తొందరెట్టకూడదు, తొందరెడితే ఇంకా రాదు. పది నిమిషాలయిపోనాయి. కట్టయిపోనాది. ఇంకో రెండొందల నిమిషాలున్నాయి గదా నా కాడ, ఇంకా వాడొచ్చు గదా? వాడనేదమ్మా. పెద్దపండక్కి దానితో రోజల్లా మాటాడాలని దాసినాను. మళ్ళీ ఆదివారం సెప్తాదిలే అనుకున్నాను.”

ఆయన గ్లాసులో ఇంకాస్త గంజి పోశాను. ఓదార్చడం నాకు రాదు. మనుషుల ఎదురుగా కూర్చుని రెండేళ్ళు దాటింది.

“ఆ అంకె తెర మీద రోజూ కనబడతంది. రెండొందల సిల్లర. ఒళ్ళు మండిపోతంది సూస్తంటే. మీకైనా పనికొస్తాదని ఒడ్డినాను. మీ సెల్లి సుభాషిణికి ఇద్దరు పిల్లలు గదా, మాటలు ఎక్కువుంటాయి. ఎన్నిసార్లొడ్డినా మీరు తీసుకోరేటమ్మా? నా సేతిలో ఏటీ నేదు. మొదట్నాడు ఏడూ రెండూ.”

“నా చేతిలో మూడు తొమ్మిదులండీ.”

“మూడు తొమ్మిదులెట్టుకుని పారీసినారా?” ఆయన ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. “ఎవుల్నేర్పినారమ్మా మీకు ఆట?”

నవ్వొచ్చింది నాకు. నవ్వుతూనే ఏడుపు కూడా వచ్చింది. అప్పుడు చెప్పేశాను.

“నాయుడు గారూ, నాకు చెల్లెలు లేదండీ. సుభాషిణి లేదు, పిల్లలు లేరు. ఎవరూ లేరు. మీరందరూ ఇంటి కబుర్లు చెప్పుకుంటుంటే ఏదో ఒకటి చెప్పాలని చెప్పాను.”

ఆయన గ్లాసు కింద పెట్టారు. కోపగిస్తారనుకున్నాను.

“మరి ఆ పిల్లోడికి పళ్ళొచ్చినాయన్నారు?”

“లేవండీ. ఉత్తిదే.”

“ఆదెమ్మకి సెప్పినాను ఆ ఇసయం,” అన్నారు. “అది సానా సంతోసపడిపోనాది.”

లేచి గంజి గిన్నె కడిగాను. పంపు ఆగిపోయినచోట సముద్రం చప్పుడు ఎంత పెద్దగా వినబడుతుందో అప్పటిదాకా నాకు తెలియదు. ఆయన రెండు రోజులుగా ఇది వింటూ కూర్చున్నారన్నమాట.

రోజు 808, నాలుగో మంచె

పడవ బ్యాటరీ ఆయన సౌర పలకల మీద చార్జి పెట్టాను. పొద్దున పంపు విప్పాం. గొట్టాలు రెండు రోజులు ఆరిపోయి ఉప్పు రాయిలా బిగిసింది. నేను గీకుతుంటే ఆయన నీళ్ళు పోశారు. పని చేయిస్తే మనిషి కాస్త నిలబడతారని నాకు తోచింది.

పదకొండింటికి అడిగాను. “ఆవిడ పోయేటప్పుడు దగ్గరెవరున్నారండీ?”

“నా బావమరిది. గవరయ్య.”

“ఆయనతో మాట్లాడారా?”

“నేదు.”

“ఎందుకని?”

“ఏటని అడగాల? ఎలాగ పోనాదని అడగాలా? అడిగితే సెప్తాడు గదమ్మా.” ఆయన చెంబు కింద పెట్టారు. “సెప్తే నిజమైపోద్ది.”

“నేనిక్కడే ఉంటాను. చేయండి.”

చేతులు తుడుచుకుని చేశారు. గవరయ్య గొంతు గదంతా వినబడింది.

“బావా! ఇన్నాల్లేటైపోనావు? మేం ఆపీసుకి ఎన్నిసార్లు తిరిగినామో తెలుసా? నీకు కలపం, మంచె మీదోలే సెయ్యాల అన్నారు.”

అడక్కుండానే అతనే చెప్పుకొచ్చాడు. ఆదెమ్మ మంచాన పడలేదు. పొద్దున్నే ముంజలు కొనడానికి వెళ్ళి వచ్చి, గుమ్మంలో కూర్చుని, మంచినీళ్ళడిగి, తాగకుండానే పక్కకు ఒరిగింది. బాధపడలేదు.

“ఆదివారం నాతో ఏదో సెప్పబోనాదిరా,” అన్నారు నాయుడు గారు. “ఏటో నీకేటైనా తెలుసునా?”

“తెలీదు బావా. నాకు సెప్పనేదు. కానీ నీ పోనుకి ముందు రోజల్లా అద్దం కాడ నిలబడి మాటలు సరిసూసుకునేది. మేం ఎకసక్కాలాడితే సీపురు తీసేది. ఆవేళ పోను కట్టయ్యాక నవ్వుకుంటా వొచ్చింది. ‘ఇంకా అవనేదు, మళ్ళీ వారం సెప్తాను’ అంది.”

నేను బయటికి వచ్చి గొట్టాలు గీకాను. లోపల ఇద్దరు మగవాళ్ళు ఏడవడం వినబడింది. తర్వాత మామూలుగా మాట్లాడుకోవడం, తర్వాత చీపురు సంగతి మళ్ళీ చెప్పించుకుని నవ్వడం. నలభై ఆరు నిమిషాలు మాట్లాడారు. ఆయనే చెప్పారు అంకె.

రెండింటికి పంపు తిప్పాం. ముందు ఉప్పునీళ్ళు ఉమ్మినట్టు వచ్చి, తర్వాత తుంపర లేచింది. ఇంత దగ్గర నుంచి అది తెల్లగా ఉండదు. ఒళ్ళు తడుస్తుంది, అంతే.

బయలుదేరుతుంటే నిచ్చెన దాకా వచ్చారు. “మెల్లగా ఎల్లమ్మా. అడ్డం కెరటం వొస్తే ముక్కు అటు తిప్పు.”

రోజు 809

తిరిగి మూడో మంచె. నేను లేనప్పుడు నాలుగు గొట్టాలు పూడుకుపోయాయి.

ఒడ్డు ఆఫీసు నుంచి ఉత్తర్వు. విధి స్థలం వదిలినందుకు ఇది మొదటిసారి కాబట్టి ఉద్యోగం ఉంచారు. నా నిమిషాలన్నీ రద్దు. నా అంకె సున్నా కాబట్టి పోకర్ బల్ల శాశ్వతంగా మూసివేయబడింది.

పన్నెండింటికి అలవాటుగా తెర ముందు కూర్చున్నాను. లేచి వచ్చి గొట్టాలు గీకాను.

రోజు 810

గాలి మామూలు. పన్నెండు గొట్టాలూ పనిచేస్తున్నాయి. నాలుగో మంచె మీద తుంపర నిలువుగా, దట్టంగా ఉంది.

రోజు 811

పైలాగే.

రోజు 812

ఆదివారం. పొద్దున ఎనిమిదింటికి వారం నిమిషాలు పడ్డాయి. పది.

తెర ఆపి రెండడుగులు వేశానో లేదో గదిలో పెద్ద మోత. పంపు పట్టీ తెగిందనుకుని పరుగెత్తాను. పట్టీ బాగానే ఉంది. మంటల గంటేమోనని వంటగదిలోకి వెళ్ళాను. అక్కడా ఏమీ లేదు. మోత ఆగడం లేదు. చివరికి చూస్తే గోడ మీది మాటపెట్టె. నేను ఈ మంచె ఎక్కినప్పటినుంచి దానికి అవతలి నుంచి ఎవరూ చేయలేదు. అది మోగుతుందనే నాకు తెలియదు.

ఎత్తాను.

“రత్నమ్మా! నీ నిమిషాలు పడతాయని ఏడున్నర నుంచీ కూకున్నాను. ఏటి, వొంటయిందా?”

పీట లాక్కుని కూర్చున్నాను.

“ఇంకా లేదండీ,” అన్నాను. “ఎండు రొయ్యలు నానబెట్టాను.”

“ఎందులోకి?”

“కూరలేమీ లేవు. సంచిలో ఎండబెట్టిన వంకాయ ముక్కలున్నాయి.”

“వంకాయలోకి ఎండు రొయ్యలా! సింతపండు తక్కువెయ్యి. ముందు రొయ్యల్ని ఒట్టి మూకుడులో ఏపినావా?”

“లేదు, నానబెట్టేశాను.”

“అయ్యో, ఏపకుండానే నానబెట్టీసినావా?” అన్నారు నాయుడు గారు. “తీసీ. నీల్లు ఒంపీసి, పిండి, కాసేపు ఎండలో పడీ. నాను పోను పెట్టీను, ఇక్కడే ఉంటాను. ఎల్లి ఆరబెట్టొచ్చీ.”

వెళ్ళి ఆరబెట్టి వచ్చాను.